కాలిన ఇంటి వాసాలు

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు.
కాలిన ఇంటివి మాత్రం
లెక్కపెట్టాకే బేరమాడాలి.
ముప్పై ఒకటి.
పందొమ్మిది పనికొస్తాయన్నాడు నిబాల్డో,
కప్పు లేని గదిలో నిలబడి,
నెత్తిన వాల్పరాయిసో మబ్బు మోస్తూ.

బ్యాంకు అప్పివ్వనంది.
మసికి తాకట్టు విలువ లేదట.
ఓడరేవులో పదేళ్లు వెల్డింగు చేసి నేను దాచింది,
వాళ్లన్న పడవ అమ్మితే ఇతనికొచ్చిన వాటా,
కలిపితే నేల ధర.
ఇల్లు ఊరికే వచ్చిందని నవ్వుకున్నాం.

నోటరీ ముందు సంతకం పెట్టి
డాన్ అబెలీనో తాళంచెవి చేతిలో పెట్టాడు.
తలుపే లేదు, అయినా పెట్టాడు.
నేను జేబులో వేసుకుని
థాంక్స్ కూడా చెప్పాను.

కొండ మీదికి బండి రాదు.
నూట పన్నెండు మెట్లు.
ఇంటిని సంచుల్లో దింపాం:
కరిగి ముద్దైన రేడియో, జింకు రేకులు,
స్ప్రింగులు మాత్రం మిగిలిన పరుపు,
పిడి కాలిపోయిన ఇస్త్రీపెట్టె,
నడుముకి మూడు చుట్లు రాగితీగ.
బరువు బాగుందని దాన్ని పారెయ్యలేదు,
సిమెంటు బస్తా మీద గాలికి అడ్డం పెట్టాను.

రాత్రుళ్లు ముక్కు చీదితే నలుపు.
గోడలు సోడాతో, వెనిగర్‌తో కడిగాం, మళ్లీ కడిగాం.
పొగ మర్యాద తెలియని చుట్టం,
వాన పడితే చాలు, దిగబడుతుంది.

కానీ బాడిస పట్టిన రోజులు బాగుండేవి.
బొగ్గు పెచ్చులూడితే
లోపల తేనెరంగు పైన్ చెక్క,
వందేళ్ల నాటి జిగురు వాసనతో.
వేలెడు లోతు కాలింది.
మిగతా దూలానికి ఆ సంగతే తెలీదు.

ఆదివారాలు డాన్ అబెలీనో వచ్చేవాడు,
కాగితం సంచిలో రొట్టెలతో.
గుమ్మం దాటేవాడు కాదు.
ఆఖరి మెట్టు మీద కూర్చుని
రొట్టె తుంచుతూ ఒకటే మాట:
"ఎర్మిందా ఇస్త్రీపెట్టె ఆపలేదు."
ఆవిడే చెప్పిందట అందరికీ,
కూరగాయలమ్మికి, పాదిరికి, అంబులెన్సు కుర్రాడికి:
నేనే ఆపలేదు, నేనే.
అగ్నిమాపకం వాళ్లు కారణం తెలియదని రాసినా సరే.
మరుసటి చలికాలం అదే మాట మీద పోయింది.
"కాదని నేనూ అనలేదు," అన్నాడొకసారి,
రొట్టెతో చెప్తున్నట్టు.

మూడోసారో నాలుగోసారో విన్నాక
నా చూపు సిమెంటు బస్తా మీద పడింది.
మూడు చుట్లు.
ప్లగ్గు పీకితేనే కదా చుడతారు?
చుట్టాకే కదా కట్టు లోపలికి దోపుతారు?

ఆ వారమే ఎలక్ట్రీషియన్ యాస్నా
భోజనాల గది గోడ తవ్వి పిలిచింది.
తీగ తెగినచోట రాగి
కన్నీటిబొట్టంత గుండ్రంగా గడ్డకట్టింది.
దాన్ని పొడుచుకుని ఒక మేకు.
మేకు ఎవరు కొట్టారని నేనడగలేదు.
తాళంచెవి ఉన్న జేబులోనే వేసుకున్నాను.

ఆదివారం ఇస్త్రీపెట్టె తెచ్చి
ఆయన ఒళ్లో పెట్టాను. ఏమీ చెప్పలేదు.
ఆయన వేలు చుట్ల వెంట తిరిగింది,
ఒకటి, రెండు,
మూడో చుట్టు దగ్గర ఆగి
మళ్లీ మొదటికొచ్చింది.
"ఎడమచేతి వాటం," అన్నాడు. "ఇలాగే చుట్టేది."

కింద ఓడ ఒకటి కూసింది.

"మరి ఎక్కడ?"
గోడలో, అన్నాను.
"గడియారం గోడా?"

అబద్ధానికి నోరు తెరిచాను,
నా చెయ్యి అప్పటికే జేబులో ఉంది.
ఆయన అది చూశాడు.

రొట్టె సంచి మెట్టు మీదే వదిలేసి
గుమ్మం దాటాడు.
నిచ్చెన మీద నిబాల్డో ఊగుతుంటే
వెళ్లి కాళ్లు పట్టుకున్నాడు, నిచ్చెనవి.
చీకటిపడేదాకా వదల్లేదు.
మాకు ఆ ఒక్కపూటలో నాలుగు రేకులు పడ్డాయి.

వెళ్తూ వెళ్తూ చెప్పింది ఒకటే,
ఆ గోడకి మాత్రం ఏమీ తగిలించొద్దని.

ఇప్పుడది పసుపు.
ఓడలకి వేయగా మిగిలిన రంగు, చవగ్గా దొరికింది.
టైమెంతయిందని ఎవరన్నా అడిగితే
కిటికీలోంచి రేవు కేసి చూస్తాం.